హారన్‌కి దారివ్వని మనిషి

మా బావ పోయాడన్న సంగతి నాకు కాలవ గట్టు మొదట్లో తెలిసింది. ఆ రోజు నేనే ఆయన కంటే ముందు వచ్చేసి, సైకిలు పట్టుకుని నిలబడి ఆయన్నే తిట్టుకుంటున్నాను. వెలుగొచ్చేసింది, కొంగలు మడుల్లో దిగిపోయాయి, ఈ మనిషి ఇంకా రాలేదు. నేను కాస్త ఆలస్యమైతే వీధి లేచిపోయేలా అరుస్తాడు, తనకైతే ఏ లెక్కా లేదు, రానీ చెబుతాను అని పళ్లు నూరుకుంటున్నాను. పాల కేంద్రం దగ్గర్నుంచి ఒకాయన బండి మీద వచ్చి, నా మొహం చూడకుండా నేల చూస్తూ, మీ బావ ఇందాకే పోయాడమ్మా, మంచం మీదే, టీ గ్లాసు చేత్తో పట్టుకునే, గుండె ఆగిపోయిందట అని చెప్పాడు. అంటే నేను తిడుతున్నంతసేపూ ఆయన లేడు. పోయినవాళ్లని తిట్టకూడదంటారు. నేను తిట్టేశాను. ఆ తర్వాతా తిట్టాను, ఇది రాస్తూ కూడా తిడుతున్నాను. ఇష్టం లేనివాళ్లు ఇక్కడితో చదవడం మానెయ్యొచ్చు.

నేను ఇది రాయడానికి కారణం ఆయన మీద ప్రేమ ఒక్కటే కాదు. కోపం. ఆయన శవం ఇంకా వాకిట్లో ఉండగానే ఊళ్లో పెద్దమనుషులు ఒక్కొక్కరే వచ్చి దండ వేసి, మహానుభావుడు, అజాతశత్రువు, అలాంటి మనిషి మళ్లీ పుట్టడు అని కళ్లొత్తుకున్నారు. నేను స్తంభానికి ఆనుకుని ఒక్కొక్కరి మొహమే చూస్తూ నిలబడ్డాను. బతికున్నప్పుడు ఆయన్ని రాళ్లోడు అని పిలిచింది వీళ్లే. ఆయన సైకిలు వెళ్లే దారిలో తుమ్మకంప పరిచింది వీళ్ల ఇళ్లవాళ్లే. అజాతశత్రువట. ఈ ఊళ్లో ఆయనతో దెబ్బలాడని మగాడంటూ ఉంటే చూపించమనండి, నేను నా సైకిలు రాసిచ్చేస్తాను.

ముందు ఆయన ఎవరో చెప్పాలి కదా. మా అక్క మొగుడు. ఆమదాలవలసకీ పొందూరుకీ మధ్య మాదొక ఊరు. నాగావళి నీళ్లు తెచ్చే కాలవ ఊరిని ఆనుకునే పోతుంది. అక్కా వాళ్లూ, నేనూ ఒకే వీధి. బావ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. పాలకొండ, సాలూరు, విశాఖపట్నం, ఎటంటే అటు తిరిగాడు. ఇంట్లోకొచ్చాక కూడా డ్రైవరు సీట్లోంచి మాట్లాడుతున్నట్టే ఉండేది ఆయన మాట. జరుగు, ఆగు, ఎక్కు, దిగు. అంతకుమించి నోట్లోంచి మంచిమాట వచ్చేది కాదు. కూర బాగుంటే తినేసేవాడు, బాగోకపోతే చెప్పేవాడు.

అన్నేళ్లు స్టీరింగు పట్టిన మనిషి రిటైరయ్యాక రోడ్డెక్కడం మానేశాడు. నిజంగానే మానేశాడు. విశాఖపట్నం వెళ్లాలంటే ఆమదాలవలసలో రైలెక్కేసేవాడు గానీ రోడ్డు మీద కాలు పెట్టేవాడు కాదు. నా సెవుల్లో ఇంకా హారన్ మోగతన్నాదే అనేవాడు. విశాఖలో వాళ్లబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు లావు టైర్ల గేరు సైకిలొకటి పాతది కొనుక్కొచ్చి, పొద్దున్నే కాలవ గట్టు మీదకి పోవడం మొదలెట్టాడు. ఆ వయసులో, లుంగీ ఎగ్గట్టి, తలకి తుండుగుడ్డ చుట్టుకుని. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఇక నా సంగతి. నా భర్త చిన్న వయసులోనే పోయాడు. అంగన్‌వాడీలో పిల్లలకి పాటలు నేర్పుకుంటూ, గుడ్లు ఉడకబెట్టి పెట్టుకుంటూ బతికాను. ఆ పిల్లల తల్లులే, పొద్దున్న పనికి బయల్దేరుతున్నప్పుడు నేను ఎదురొస్తే ఏదో మరిచిపోయినట్టు లోపలికి వెళ్లి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరేవారు. పైకి ఎవరూ ఏమీ అనరు. మా వైపు జనం మంచివాళ్లు, మొహం మీద అనరు. గుమ్మంలోంచి వెనక్కి తిరిగే వీపులు చూసి మనమే అర్థం చేసుకోవాలి. అంచేత నేను పెరటి దారినే నడిచి వెళ్లేదాన్ని. నా చేతి అన్నం తిన్న పిల్లలు పెద్దవాళ్లయి, బైకులు కొనుక్కుని, వాళ్లూ నన్ను చూసి ఆగి వెనక్కి తిరిగారు. అది మాత్రం నేను ఈ జన్మలో క్షమించను.

బావ ఏం చేసేవాడో తెలుసా? సైకిలు తెచ్చి సరిగ్గా మా గుమ్మం ముందు ఆపి, వీధంతా వినబడేలా అరిచేవాడు. ఎదురు రావే మరదలా, నాను బయల్దేరాల అని. నేను బయటికొచ్చి ఆయనకి ఎదురుగా నాలుగడుగులు వేసేదాకా పెడలు మీద కాలు పెట్టేవాడు కాదు. నువ్వెదురొచ్చిన్నాడు టైరు పంచరవ్వదే అనేవాడు. అయ్యేది. అయిన రోజున మాత్రం నోరెత్తేవాడు కాదు. ఇదేదో పెద్ద దయ అనుకునేరు. నాకు ఒళ్లు మండిపోయేది. అటూ ఇటూ కిటికీల్లోంచి చూస్తుంటే నడివీధిలో నన్ను బొమ్మలా నిలబెట్టడమేటి? నన్ను అడ్డం పెట్టుకుని ఊరితో దెబ్బలాడతావేటి బావా అని ఒకనాడు అడిగేశాను.

"మరి నువ్వు దెబ్బలాడవు గదే" అన్నాడు.

విసురుగా లోపలికెళ్లి తలుపేసుకున్నాను.

తర్వాత నాకు సుగరొచ్చింది. నడవమని డాక్టరు చెప్పాడు. పెరటి దారిలో ఎంతని నడుస్తాను? బావ ఎవరింట్లోనో మూలపడున్న ఆడపిల్లల సైకిలొకటి పట్టుకొచ్చాడు, బళ్లో ఇచ్చే రకం, ముందు బుట్ట ఉంటుంది చూశారూ, అది. చీర కట్టుకుని ఈ వయసులో సైకిలేంటి, నలుగురూ ఏమనుకుంటారు అన్నాను. గట్టు మీద నలుగురు లేరు, కొంగలున్నాయి, అయ్యేటీ అనుకోవు అన్నాడు. సీటు వెనక పట్టుకుని నడిపిస్తాడనుకున్నాను. ఎక్కడ? ఎక్కించి వదిలేశాడు. నేను పడ్డాను. మామూలుగా పడలేదు, కాలవ పక్క గుంటలో గోగు కట్టలు ఊరేసి ఉన్నాయి, సరిగ్గా వాటిలో పడ్డాను. నార కోసం గోగు కుళ్లబెట్టిన నీళ్ల కంపు ఎలా ఉంటుందో మా వైపు పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. మెడదాకా బురద. నేను చెయ్యి చాపాను. ముందు సైకిలు తియ్యవే, తుప్పు పట్టేత్తాది అన్నాడు. అక్కకి చెప్పి ఏడిస్తే, అక్క కుంకుడుకాయలు కొడుతూ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. కుంకుడుతో ఎన్నిసార్లు రుద్దుకున్నా ఆ కంపు పోలేదు. పక్కన కూర్చోవద్దని అంగన్‌వాడీ పిల్లలు ఏడ్చారు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ గుమ్మం ముందు అరుపు. వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకు తెలీదు. అలా నేర్చుకున్నాను.

ఆ దారి గురించి చెప్పాలి. చెప్పకపోతే ఈ గొడవంతా ఎందుకో మీకు తెలీదు. మా ఊరి మొదట్లో గట్టు ఎక్కితే ఒకవైపు కాలవ, ఒకవైపు వరి మడులు. గట్టు మీద ఎర్ర గ్రావెల్ పోసి ఉంటుంది, చక్రం కింద కరకరమంటుంది. కాలవ నీళ్లు మడులకి వదిలే మదుం దాటాక తాటిచెట్లు వరసగా వస్తాయి. ఎండాకాలం ముంజెలు కొట్టేవాళ్లు అక్కడే కూర్చుంటారు. ఆ తర్వాత జీడితోటలు మొదలు. మాఘమాసం పోయి ఎండ ముదిరేలోగా ఒకసారి ఆ తోటల మధ్య తొక్కితే, ఆ పూత వాసన ఇంటికొచ్చి స్నానం చేసినా ముక్కులో ఉంటుంది. చివర కొండ. ఇంత దారిలోనూ హారన్ లేదు, పొగ లేదు, పక్కకి తప్పుకోమనేవాడు లేడు. ఎదురొచ్చి వెనక్కి తిరిగేవాడూ లేడు. నేను పుట్టి బుద్ధెరిగాక తలెత్తుకుని నడిరోడ్డు మీద వెళ్లింది అక్కడే.

బావ ముందు తొక్కేవాడు, నేను వెనక. మాటల్లేవు. ఎత్తు ఎక్కినప్పుడు మాటాడకు, దిగినప్పుడు తిట్టుకో అనేవాడు. దిగేటప్పుడు నిజంగానే తిట్టుకునేవాళ్లం. ఆయన మా పుట్టింటివాళ్లని, నేను ఆయన పుట్టింటివాళ్లని. ఉడుపులప్పుడు మడుల్లో ఆడవాళ్లు నడుం ఎత్తి, ఓలమ్మా, ముసలోడు మరదల్ని ఎక్కడికి తోలుకెల్తన్నాడో అని ఎకసెక్కాలాడేవారు. సైకిళ్లు తెచ్చుకుంటే మిమ్మల్నీ తోలుకెల్తాను అని ఆయన అరిచేవాడు. మొదట నవ్వారు. తర్వాత ఒకామె తెచ్చుకుంది. బళ్లో వంటకి వెళ్లే ఆమె, ఆటో కోసం నిలబడి నిలబడి విసిగిపోయి తెచ్చుకుంది. ఆమెని చూసి కుట్టుపనికి పోయేవాళ్లు తెచ్చుకున్నారు. పడ్డవాళ్లని ఆయన ఎవరినీ లేపలేదు. నన్నే లేపనివాడు వాళ్లని లేపుతాడా?

ఒకసారి విశాఖ నుంచి బావ కొడుకు ఫోనులో వీడియో ఒకటి పంపాడు. ఎక్కడో పరాయి దేశం. దొరలూ దొరసానులూ లావు టైర్ల సైకిళ్ల మీద, ద్రాక్షతోటల మధ్యా, కాలవ గట్ల మీదా తొక్కుతున్నారు. కార్లు రాని దారి అట, దానికోసమే విమానం ఎక్కి వస్తారట. బావ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మళ్లీ చూశాడు. చూసి, ద్రాక్షతోట నేదు గానీ మనకి జీడితోట ఉన్నాది, కాలవంటే ఎక్కడైనా కాలవే, ఆళ్లకి కొంగలు నేవు సూసేవా అన్నాడు. ఆయన సంతోషపడ్డం నేను చూసింది ఆ ఒక్కసారేనేమో.

ఇంక రాళ్ల సంగతి. కొండ దగ్గర గ్రావెల్ తవ్వకం మొదలయ్యాక టిప్పర్లకి మా గట్టే అడ్డదారయింది. దుమ్ము, హారన్లు. వాటి బరువుకి ఒకనాడు గట్టు కుంగి, కాలవకి గండి పడింది. సరిగ్గా ఉడుపుల వేళ. చివరి మడులకి చుక్క నీరు పోలేదు. అప్పుడు మాత్రం రైతులందరూ బావ వెనక నిలబడ్డారు. కాలవ చూసే ఆఫీసువాళ్లు కూడా సరేనన్నారు. గట్టు మొదట్లో రెండు నల్లరాళ్లు పాతించాడు, మోకాళ్ల ఎత్తువి. మధ్యలోంచి మనిషి దూరతాడు, మేక దూరుతుంది, సైకిలు దూరుతుంది. బైకు గార్డు తగిలి ఆగిపోతుంది. టిప్పరు సంగతి సరేసరి.

గండి పూడ్చాక జనం గండిని మర్చిపోయారు, రాళ్లని మర్చిపోలేదు. చుట్టు తిరిగి పోవాలని బైకులవాళ్లకి కోపం. టిప్పర్లు ఆగాయని గ్రావెల్ కంట్రాక్టరుకి కోపం. రాళ్లోడు అన్న పేరు అప్పుడే పెట్టారు. బావ కొనితెచ్చుకున్న పగ అంతా ఇంతా కాదు. ఎవడో ఒకడు రాళ్ల దగ్గర బైకు ఆపి హారన్ మీద చెయ్యి తీయకుండా మోగించాడు. బావ చేతులు కట్టుకుని వాడి ఎదురుగా నిలబడ్డాడు. వాడు అలిసిపోయి వెళ్లేదాకా నిలబడ్డాడు. ఇంకోనాడు ఒక రైతు వచ్చి, అన్నా, పది మూటల ధాన్యం రాళ్లకి అవతల ఉండిపోయింది, వాన వచ్చేలా ఉంది ఎలాగ అని అడిగాడు. బావ తన సైకిలు మీదా నా సైకిలు మీదా ఆ మూటలన్నీ ఇవతలకి తోలించాడు. నా వెనక చక్రం పుల్లలు వంగిపోయాయి. హారన్ కొట్టినోడికి దారివ్వకూడదే, అడిగినోడికివ్వాల అన్నాడు. నా పుల్లలు ఎవరు బాగుచేయిస్తారు అని నేనడిగాను. మర్నాడు ఆయనే బాగుచేయించాడు.

ఇలాంటి మనిషి పెద్దకర్మ రోజున ఏం జరిగిందో వినండి.

భోజనాలవుతున్నాయి. గ్రావెల్ కంట్రాక్టరు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టిన జీపు దిగి, నలుగురు పెద్దల్ని వెంటబెట్టుకొచ్చి, బావ ఫొటోకి గజమాలంత దండ వేశాడు. వేసి, చేతులు జోడించి, అందరికీ వినబడేలా చెప్పాడు. ఆ మహానుభావుడు ప్రాణంలా చూసుకున్న గట్టుని అలా వదిలెయ్యకూడదట. తన సొంత ఖర్చుతో దాన్ని వెడల్పు చేసి తారు రోడ్డు వేయిస్తాడట. మొదట్లో ఆ రాళ్లు తీసేసి, వాటి చోట పెద్ద ఆర్చి కట్టించి, దాని మీద బావ పేరు బంగారు రంగులో రాయిస్తాడట. రాళ్లు పాతించిన ఇంటివాళ్లే తీసెయ్యమంటే ఆఫీసువాళ్లూ కాదనరట. పెద్దలందరూ తలలూపారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు, కర్మ భోజనం దగ్గర.

బావ కొడుకు కళ్లలో నీళ్లు. అమాయకపు వెధవ. నాన్న పేరు నిలబడిపోతాది గదా పిన్నీ అని నా చెయ్యి పట్టుకున్నాడు. మీ నాన్న పేరు పెట్టి మీ నాన్న పీకే కోస్తన్నార్రా అన్నాను. అందరూ నావైపు చూశారు. కర్మ రోజున రభస చెయ్యకూడదమ్మా అని ఒక పెద్దాయన మెత్తగా అన్నాడు. నాకు మెత్తగా మాట్లాడేవాళ్లంటే అసహ్యం. విస్తరిలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాను.

అక్కని కూడా అడిగారు. అడగడం అంటే, లోపల గదిలో గోడవైపు తిరిగి కూర్చున్న మనిషిని గుమ్మం బయటనుంచే, నీకేమీ అభ్యంతరం లేదు కదమ్మా అన్నారు. అక్క పలకలేదు. పలకలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అని ముహూర్తం పెట్టేసుకున్నారు. నేను లోపలికెళ్లి అక్క మీద కూడా అరిచాను. నోరు లేదా నీకు, ఆ రాళ్లు పోతే మర్నాటికి టిప్పర్లు తిరుగుతాయి, ఇంక సైకిలు కాదు కదా కుక్క కూడా ఆ గట్టెక్కదు, ఆ వంటమ్మా వాళ్లందరూ ఏమైపోవాలి, నేనేమైపోవాలి అన్నాను. అక్క అంతా విని, ఎన్నింటికి వస్తారే అని మాత్రం అడిగింది. ఛీ అనుకుని వచ్చేశాను.

ముహూర్తం రోజు పొద్దున్న నేనొక్కదాన్నే వెళ్లి ఆ రాళ్లకి అడ్డం నిలబడదామని సైకిలు బయటికి తీశాను. చూస్తే అక్క వాళ్ల గుమ్మం ముందు నిలబడి ఉంది. బొట్టు లేదు, గాజులు లేవు, నలిగిన తెల్లచీర. నెలమాసికం కూడా పెట్టలేదు, నువ్వు గడప దాటకూడదే అన్నాను. దాటేను గదా అంది. వీధి పొడవునా మేం నడుస్తుంటే ముందున్న తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ముగ్గు పెడుతున్న పిల్లని వాళ్లమ్మ రెక్క పట్టుకుని లోపలికి లాగేసింది. కొత్తగా మొగుడు పోయిన మనిషి మొహం పొద్దున్నే చూస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఏమీ అవదు. అది ఆ పిల్లకి తెలీదు.

గట్టు మొదట్లో అక్క ఒక రాయి మీద కూర్చుంది. రెండోది నాకు చూపించింది. కూర్చున్నాను.

కాసేపటికి నిమ్మకాయల జీపొచ్చింది. వెనక పొక్లెయినొచ్చింది. పంతులుగారు పళ్లెంలో కొబ్బరికాయా పూలూ పట్టుకుని దిగి, తలెత్తి మమ్మల్ని చూసి, చటుక్కున మొహం తిప్పేసుకున్నారు. పొక్లెయిను డ్రైవరు ఇంజను ఆపేశాడు. కంట్రాక్టరు చేతినిండా ఎర్ర తాళ్లు, టిప్పరు కొంటే ముందు చక్రం కింద నిమ్మకాయ తొక్కించనిదే రోడ్డెక్కించడు. అలాంటివాడు మాకు ఎదురు రాలేక పక్కనుంచి, మాటలు మాత్రం మావైపు విసిరాడు. అమ్మా, ఇది మీ ఆయన పేరు మీద చేస్తున్న మంచిపని, మీరు ఇంటికెళ్లండి, ఇలా ఎదురుగా కూర్చోకూడదు, అంత చదువుకున్నవాళ్లు మీకు తెలీదా అన్నాడు. చదువుకున్నవాళ్లట. మా అక్క మూడో తరగతి.

అక్క గొంతు పెంచలేదు.

"కొట్టు నాయనా కొబ్బరికాయ. నాను కొత్తగా ముండమోసినదాన్ని, నా సెల్లెలు పాత ముండమోపి. ఇద్దరం ఎదురుగానే కూకున్నాం. మా మొగం సూసి కొట్టు."

పంతులుగారు పళ్లెం జీపులో పెట్టేశారు. పొక్లెయిను డ్రైవరు దిగి ఎక్కడికో పోయి కుళాయి దగ్గర నీళ్లు తాగి, మళ్లీ మా వైపు రాలేదు. కంట్రాక్టరు మా అక్క కొడుక్కి ఫోను చేశాడు. అబ్బాయి పరుగెత్తుకొచ్చి, అమ్మా లే, పరువు పోతన్నాది అన్నాడు. అక్క వాడి మొహం కూడా చూడలేదు. ఎండెక్కింది. ఇంకో ముహూర్తం చూసుకుందాం అని ఎవరో అన్నారు, బండ్లు వెనక్కి తిరిగాయి. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇన్నేళ్లూ నన్ను చూసి వెనక్కి తిరిగిన వీపులు నా గుండెలో ముళ్లలా ఉండేవి. ఆ పూట ఆ వీపులు చూస్తుంటే కడుపు నిండింది.

గెలిచామని చెప్పడం లేదు. వాళ్లు మళ్లీ వస్తారు. ఈసారి ముహూర్తం పెట్టుకోకుండా వస్తారు.

బండ్ల దుమ్ము అణిగాక కూడా అక్క లేవలేదు. గట్టు పొడవునా అలా చూస్తూ కూర్చుంది. ఇది ఎందాకా పోతాదే అని అడిగింది. మదుం, తాటిచెట్లు, జీడితోటలు, అటుపైన కొండ అన్నాను. ఓహో అంది. నీకు తెలీదేటి అన్నాను.

"నాకెలాగ తెలుస్తాది? మీరొచ్చేసరికి రొట్టి కాలాల గదా. ఊరందర్నీ ఎక్కించేడు మీ బావ. నన్నొక్కనాడు రా అననేదు."

అంతసేపూ ఆయన కోసం మండిన కోపమంతా అప్పటికప్పుడు ఆయన మీదకే తిరిగింది. పోయినవాళ్లని తిట్టకూడదంటే కుదరదు. నన్ను నడివీధిలో నిలబెట్టినవాడివి, మడుల్లో ఆడవాళ్లని పేరుపేరునా పిలిచినవాడివి, పక్కన పడుకున్న మనిషిని పిలవడానికి నీకు నోరు పడిపోయిందా బావా? ఇది నేను ఆయన్ని మొహం మీద అడగాలి. అడగడానికి లేకుండా పోయాడు.

మరి ఎందుకు కూర్చున్నావే ఇంతసేపు ఎండలో, ఎవరి కోసం అని అక్కని అడిగాను.

"ఈ దారి సూడకుండానే పోనిచ్చీమంటావేటి?" అంది.

లేచి, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, రెండు రాళ్ల మధ్యనుంచి గట్టు ఎక్కింది. వెనక ఎక్కించుకుంటానే అన్నాను, వద్దంది. చెప్పుల్లేని కాళ్లకి గ్రావెల్ గుచ్చుకుంటుంటే ఒక్కో అడుగూ చూసుకుని వేస్తూ, అక్కడక్కడా ఆగి కాలవలోకి వంగి చూస్తూ, ఆయన తొక్కిన దారిన పోతోంది. నేను సైకిలు నడిపించుకుంటూ వెనకే వెళ్లాను. మదుం దగ్గర, ఇంక చాలు, తిరుగుదామా అన్నాను. అక్క వినిపించుకోలేదు. తాటిచెట్ల నీడలోకి వెళ్లిపోయింది.